ఎర్త్ ఉందాండీ? కరెంటు కారులో కోస్తా దారి

విశాఖ నుంచి చీరాల మా అత్తవారింటికి ఇప్పటిదాకా పాతికసార్లయినా వెళ్ళి ఉంటాను. రైలైతే రాత్రి ఎక్కి తెల్లారి దిగడం. కారైతే 16వ నంబరు హైవే పట్టుకుని తుని, రాజమండ్రి, ఏలూరు, విజయవాడ, గుంటూరు అని పేర్లు లెక్కపెట్టుకుంటూ పోవడం. "ఈ ఊళ్ళో సముద్రం, ఆ ఊళ్ళో సముద్రం. మధ్యలో మాత్రం లారీలేనా?" అని మా ఆవిడ ఏటా అడుగుతూనే ఉంది. కిందటేడు కరెంటు కారు కొన్నాక ఆ ప్రశ్న మళ్ళీ వచ్చింది. ఈసారి అమ్మ కూడా గొంతు కలిపింది. ఆవిడకి అంతర్వేది నరసింహస్వామిని చూడాలని ఎప్పటి నుంచో ఉంది.

కత్తిపూడి దగ్గర హైవే నుంచి చీలి, కాకినాడ, యానాం, అమలాపురం, రాజోలు, మచిలీపట్నం, రేపల్లె, బాపట్ల, చీరాల మీదుగా తిరిగి ఒంగోలులో అదే హైవేలో కలిసే రోడ్డు 216. సముద్రం పక్కనే పోతుందని కాదు గానీ, సముద్రానికి ఎప్పుడూ ఓ గంట దూరం లోపే ఉంటుంది. పెట్రోలు కారైతే ఇందులో ఆలోచించేదేముంది, పొద్దున్నే లేచి బయల్దేరడమే. నాకు మాత్రం ఆ లెక్కలకి మూడు వారాలు పట్టింది.

మా కారు బ్యాటరీ 40.5 యూనిట్లది. కంపెనీ కాగితంలో నాలుగు వందల పైచిలుకు కిలోమీటర్లని ఉంటుంది. ఆ అంకెను నమ్మి ఎవరూ దారి గీసుకోకూడదు. ఇంట్లో కరెంటు బిల్లు చూసే అలవాటుంటే ఈ లెక్క తేలిక: యూనిట్‌కి ఎన్ని కిలోమీటర్లు? అది తేల్చుకోడానికి రెండు ఆదివారాలు ఉత్తినే తిరిగాను. భీమిలి బీచ్ రోడ్డులో గంటకి 60 దాటకుండా పోతే యూనిట్‌కి 8 కిలోమీటర్ల దాకా వచ్చింది. శ్రీకాకుళం హైవేలో 80 మీద 7. నూరు మీద తోలితే అయిదున్నర. పెట్రోలు బండి ఖాళీ హైవే మీద సుఖపడుతుంది, ఊళ్ళలో గేర్లు మారుస్తూ తాగేస్తుంది. దీనిది తిరగేసిన స్వభావం. స్పీడు బ్రేకర్లూ గేదెలూ ఉన్న ఇరుకు రోడ్డంటే దీనికి ఇష్టం. యాక్సిలరేటరు మీంచి కాలు తీసినప్పుడల్లా కాస్త కరెంటు వెనక్కి లాక్కుంటుంది కూడా. అంటే అందరూ "ఆ రోడ్డు నెమ్మది" అని వద్దన్న 216, నా బ్యాటరీకి మాత్రం మంచి రోడ్డే.

చిక్కంతా చార్జర్లతో వచ్చింది. యాప్ తెరిస్తే 16వ నంబరు హైవే పొడుగునా చార్జర్లు పూసల్లా గుచ్చి ఉన్నాయి. 216 వైపు వేలు జరిపితే కాకినాడ దాటాక పూసలు రాలిపోయాయి. ఉన్నవాటిలోనూ ఏది నిజంగా పనిచేస్తోందో యాప్ చెప్పదు. అందుకని జనం పెట్టిన ఫొటోల్లో బోర్డు మీది నంబర్లు వెతుక్కుని ఒక్కోదానికీ ఫోన్ చేశాను. సగం మంది ఎత్తలేదు. ఒకాయన ఎత్తి "చార్జరా? ఫోన్‌దాండీ?" అన్నాడు.

అక్కడే నా ప్లాను మారింది. ఫాస్ట్ చార్జర్ దొరికితే అదృష్టం, దొరకదనుకునే దారి గీయాలి. మామూలు ఏసీ పాయింటు, అదే 16 ఆంపుల పెద్ద ప్లగ్గు, గంటకి రెండున్నర యూనిట్లు ఇస్తుంది. రాత్రి పది గంటలు పెడితే పాతిక యూనిట్లు, అంటే 170 కిలోమీటర్లకి ఢోకా లేదు. కాబట్టి ఎక్కడ పడుకుంటామో అక్కడే కారు కూడా తినాలి. రాజోలు చుట్టుపక్కల లాడ్జీలకి వరసగా ఫోన్లు చేసి మూడే ప్రశ్నలు అడిగాను: కారు నిలిపే చోటికి దగ్గర్లో పెద్ద ప్లగ్గు ఉందా, రాత్రంతా వాడుకోనిస్తారా, దానికి ఎర్త్ ఉందా? మొదటి రెండింటికీ జవాబులొచ్చాయి. మూడోదానికి అందరూ "ఉంటదండి" అన్నారు. ఉందనలేదు, ఉంటదన్నారు. అక్కడే నాకు అనుమానం రావాల్సింది.

ఎర్త్ అంటే లీకైన కరెంటుని నేలలోకి దింపేసే వైరు. దాని గొడవ ఏమిటంటే, కారుతో ఇచ్చే చార్జింగ్ కేబులు ముందు ఎర్త్ సరిగ్గా ఉందో లేదో చూసుకుంటుంది. లేకపోతే ఎర్ర లైటు వెలిగించి మొండికేస్తుంది. మన ఇళ్ళలో మూడో రంధ్రం చాలాచోట్ల అలంకారమే. దానికో ఉపాయంగా, ఎర్త్ కాలుని న్యూట్రల్‌కి, అంటే కరెంటు తిరిగి వెళ్ళే వైరుకి, కలిపేసిన దొంగ ప్లగ్గు ఒకటి అమ్ముతారు. జగదాంబ దగ్గర కొట్లో కుర్రాడు నా చేతిలో పెట్టబోయాడు కూడా. వద్దన్నాను. ఎక్కడైనా న్యూట్రల్ తెగితే కారు రేకు మొత్తానికి కరెంటు పాకుతుంది. చంటాడు చెయ్యేస్తే? దాని బదులు 15 మీటర్ల ఎక్స్‌టెన్షన్ చేయించుకున్నాను, 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, ఒక వైపు 16 ఆంపుల ప్లగ్గు, రెండో వైపు అదే సైజు సాకెట్టు. రీలుకి చుట్టి ఉండగా వాడొద్దని, ఎంత దగ్గరైనా మొత్తం విప్పి నేల మీద పరచాలని ఎలక్ట్రీషియను రెండుసార్లు చెప్పాడు. చుట్ట మీదే ఉంటే వేడెక్కి కరిగిపోతుందట.

ఇక తేదీ. కాకినాడకి తుని దగ్గర దిగి, ఉప్పాడ బీచ్ రోడ్డు మీదుగా వెళ్ళాలని మా ఆవిడ పట్టు. ఆ రోడ్డుని సముద్రం ఏటా కొరుక్కు తింటోంది. ఎన్ని రాళ్ళు పోసినా పోటు మీదున్నప్పుడు కెరటం గోడ దాటి రోడ్డు మీద పడుతుంది. బ్యాటరీ పెట్టెకి నీళ్ళు దూరవని తెలుసు, అయినా ఉప్పునీళ్ళలో కొత్త కారు దింపాలని ఎవరికుంటుంది? పున్నమికీ అమావాస్యకీ పోటు పెద్దది, అష్టమి అటూ ఇటూగా సముద్రం మెత్తబడుతుంది. అంతర్వేది కల్యాణం మాఘమాసంలో భీష్మ ఏకాదశి రోజుల్లో. రథం నాడు వెళ్తే కారు కాదు, కాలు పెట్టడానికే చోటుండదు, లాడ్జీల్లో గది అసలే దొరకదు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి అమ్మ పంచాంగం తిప్పి "మాఘ బహుళ అష్టమి" అంది. చలి పోయి, ఎండ ముదరని రోజులు, ఏసీ కూడా పెద్దగా అక్కర్లేదు. కారు ప్రయాణానికి పంచాంగం చూశామని ఆఫీసులో చెప్తే నవ్వారు. నేను పోటు కోసం చూశాను నాయనా, రాహుకాలం కోసం కాదు.

పొద్దున ఆరింటికి వంద శాతంతో బయల్దేరాం. తుని దాకా హైవే, 80 దాటనివ్వలేదు. వెనకాల లారీలు హారన్లు కొడుతుంటే మా వాడు సిగ్గుపడి సీట్లోకి జారిపోయాడు. ఉప్పాడ చేరేసరికి పదిన్నర. రోడ్డంతా గుండ్రాళ్ళు, ఇసుక, కోసిన కేకులా విరిగిన తారు. వలలు బాగుచేసుకుంటున్న పెద్దాయన్ని వెళ్ళొచ్చా అని అడిగితే, "ఇయ్యాల మెత్తగా ఉందండి, ఎల్లిపోండి" అన్నాడు. కిటికీ దించుకుని పదిహేను కిలోమీటర్లు పాకుతూ వెళ్ళాం. ఇంజను చప్పుడు లేదు కాబట్టి కెరటం చప్పుడే. మా ఆవిడ ఏమీ మాట్లాడలేదు, అది ఆవిడ విషయంలో పెద్ద మెప్పు.

కాకినాడలో 40 శాతంతో దిగాం. అక్కడ ఫాస్ట్ చార్జరుంది, పనిచేస్తోంది. కానీ దాని ముందు పెట్రోలు కారొకటి పెట్టి ఓనరు ఎటో పోయాడు. ఆయన్ని వెతికి తీయించేసరికి పావుగంట. ఆ కంపెనీ యాప్ దింపుకుని, ఓటీపీ కొట్టి, అందులో డబ్బులు ముందే వేస్తే గానీ మొదలవదు. 500 వేస్తే 400 చిల్లర అయింది, మిగతాది ఇప్పటికీ అందులోనే ఉంది. ఇలాంటి యాప్‌లు నా ఫోన్‌లో ఇప్పుడు ఆరున్నాయి, ఆరింటిలోనూ ఎంతో కొంత ఇరుక్కుని ఉంది. ముప్పావుగంటలో 85 శాతానికి వచ్చాక ఆపేశాం. 80 దాటాక లావు మనిషి భోజనం చివరిలా నెమ్మదిస్తుంది, నూరు శాతం కోసం అక్కడ కూర్చోవడం దండగ. ఈలోగా అమ్మ, మావాడు గొట్టం కాజా తిని, ఇంకో కిలో కట్టించుకున్నారు.

యానాంలో ఓ వినోదం. పుదుచ్చేరి పాలన కింద ఉన్న ఊరు కాబట్టి పెట్రోలు మన దగ్గర కన్నా చవక. ఆ దారిన పోయే ప్రతి బండీ అక్కడ బంకులోకి వంగుతుంది. నేను కూడా అలవాటు కొద్దీ ఇండికేటరు వేసేశాను! మా ఆవిడ నా వైపు చూసింది. ఆపేశాను. గౌతమి మీద వంతెన దాటి ఎదుర్లంకలో దిగాక ఇక కోనసీమే. కొబ్బరిచెట్ల నీడ, కాలవ, అరటి గెలల ట్రాక్టరు, మళ్ళీ కాలవ. గంటకి 45 కన్నా ఎక్కువ వెళ్ళలేదు. యూనిట్‌కి 7.6 చూపించింది.

సాయంత్రం రాజోలు దాటి లాడ్జిలో దిగి, గది కూడా చూడకుండా కేబులు గుచ్చాను. ఎర్ర లైటు. తీసి మళ్ళీ గుచ్చాను. ఎర్ర లైటు. ఇంకో ప్లగ్గు, అదే. "ఉంటదండి" అన్న మేనేజరు గారు నా మొహం చూసి తనే ఎలక్ట్రీషియనుకి ఫోన్ చేశారు. ఆయన ఎనిమిదింటికి టీవీఎస్ మీద వచ్చాడు. టెస్టరు, బల్బు హోల్డరు, రెండు వైర్లు. ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య బల్బు పెడితే మినుకుమంది అంతే. "ఎర్త్ ఉందండీ, పడుకుంది" అన్నాడు. వెనక అరటిచెట్ల పక్కన ఎర్త్ పైపు దగ్గరికి టార్చి పట్టుకుని వెళ్ళాం. కాలవ పక్క నేల, తడికి కొదవ లేదు. కానీ పైపుకి వైరు బిగించిన క్లాంపు ఉప్పుగాలికి తుప్పు పట్టి పొరలు పొరలుగా ఊడుతోంది. కత్తితో గీకి, కొత్త నట్టు వేసి బిగించి, పాత అలవాటు కొద్దీ రెండు బక్కెట్ల నీళ్ళు కూడా పోశాడు. వచ్చి చూస్తే బల్బు ధగధగలాడింది. కేబులు గుచ్చాను. పచ్చ లైటు. నేను ఆయన చేతులు పట్టుకున్నంత పని చేశాను. "ఆయ్, దీనికేవుందండీ. ఇన్నాళ్ళూ ఇక్కడ గీజరు ముట్టుకుంటే జిల్లుమంటందని అందరూ అంటన్నారు, ఇప్పుడు తెలిసింది" అన్నాడు. నా కారు పుణ్యమా అని ఆ లాడ్జికి ఎర్త్ వచ్చింది.

తొమ్మిదింటికి మొదలైన చార్జింగు పొద్దున ఆరింటికి నిండాలి. మొదటి గంటలో రెండుసార్లు దిగి ప్లగ్గు చేత్తో తాకి చూశాను. గోరువెచ్చగా ఉంది, ఫరవాలేదు. నిద్రపోయాను. పన్నెండింటికి కరెంటు పోయింది. నాలుగింటికి వచ్చింది. జనరేటరు ఫ్యాన్లకీ లైట్లకే, ఏసీ ప్లగ్గుకి లేదు. పొద్దున చూస్తే 84 శాతం.

అంతర్వేదిలో దర్శనం తొందరగానే అయింది. తీర్థం అయిపోయిన ఊరు, రథం గుడి దగ్గర నీడలో నిలబడి ఉంది, కొట్లవాళ్ళు తాటాకు పందిళ్ళు విప్పుకుంటున్నారు. గోదావరి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసేచోట నీళ్ళ రంగు రెండుగా చీలి ఉంటుందని అమ్మ చిన్నప్పుడు విన్నదట, అక్కడే చాలాసేపు నిలబడిపోయింది. నేను అరగంటకోసారి ఫోన్‌లో శాతం చూసుకుంటున్నాను. ఇలాంటి చోట కూడా. ఒప్పుకుంటున్నాను.

నర్సాపురానికి రోడ్డున పోవాలంటే చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరగాలి. సఖినేటిపల్లి రేవులో పంటు, అదే బండ్లని ఏరు దాటించే పడవ, ఎక్కితే ఆ చుట్టు తప్పుతుంది. రెండు పలకల మీంచి కారుని ఎక్కించేటప్పుడు నా గుండె దడదడలాడింది, ఈ కారు బరువు మామూలు కారు కన్నా ఎక్కువ. పంటు కుర్రాడు అదేమీ పట్టించుకోకుండా, "ఇంజను ఆపండి" అన్నాడు. ఆపే ఉందన్నాను. "ఆపండి సార్" అన్నాడు మళ్ళీ. చివరికి తాళం తీసి చూపించాను. మోటారుసైకిళ్ళు, మేకలు, ఓ పెళ్ళివారి బిందెలు, మేము. బ్యాటరీలో ఒక్క శాతం తరగకుండా గోదావరి దాటాం.

అవతలి గట్టున దిగి మచిలీపట్నం చార్జరుకి ఫోన్ చేశాను. ప్లాను ప్రకారం అక్కడ ఓ అరగంట ఆగితే చీరాల దాకా బెంగ లేదు. "వారం నుంచి పనిచెయ్యట్లేదండి, మనుషులు రావాలి" అన్నాడు. యాప్‌లో మాత్రం అప్పటికీ పచ్చగానే ఉంది.

లెక్క కాగితం బానెట్ మీద పరిచాను. పెడన చేరేసరికి సగానికి వస్తుంది. అక్కడి నుంచి చీరాల ఇంకా 135 కిలోమీటర్లు. చీరాలలో దిగేసరికి మిగిలేది మూడు యూనిట్లు. పులిగడ్డ వంతెన దాటాక రేపల్లె, బాపట్ల మధ్యలో ఎక్కడైనా దారి మళ్ళించారంటే అంతే సంగతులు. విజయవాడ వైపు తిరిగిపోదామా అని నేను నసుగుతుంటే, వెనక సీట్లోంచి అమ్మ అడిగింది:

"ఏ ఊరన్నావురా?"

"పెడన."

"మా పిన్ని కూతురు అక్కడే కదా ఉంది."

సంచీలోంచి ఆవిడ ఫోన్ డైరీ తీసింది. అట్ట చిరిగి, రబ్బరు బ్యాండు వేసి, ఊళ్ళ వారీగా రాసుకున్నది. పెడన ఒకటేనా? అవనిగడ్డలో మా నాన్నగారి మేనత్త మనవడు, రేపల్లెలో అమ్మతో టీచరు ట్రైనింగు చేసినావిడ, బాపట్లలో ఇద్దరు. 216 పొడుగునా పూసలు మళ్ళీ గుచ్చినట్టయింది. మూడు వారాలు నేను యాప్‌లు తిరగేస్తుంటే ఈ పుస్తకం పక్కగదిలోనే ఉంది! "నువ్వు అడగలేదు కదరా" అంది.

అమ్మ ఫోన్ చేసి "వస్తున్నాం, భోజనానికి" అంది. "ప్లగ్గు కావాలని చెప్పు" అని నేను సైగలు చేస్తున్నా వినిపించుకోలేదు. ప్లగ్గు కోసం వస్తున్నామని ఎవరైనా చెప్తారా అని ఆవిడ ఉద్దేశం.

పెడనలో పిన్నివాళ్ళది కలంకారీ అద్దకం పని. వాకిలి నిండా అచ్చు వేసిన గుడ్డలు ఎండుతున్నాయి, కారు పెట్టడానికి నాలుగు గుడ్డలు తీయాల్సి వచ్చింది. బాబాయ్ విషయం విని, "ముందు హాల్లో గుచ్చు" అన్నాడు. ఎర్ర లైటు, ఊహించిందే. పడకగదిలో ఏసీకి కిందటి వేసవిలో వేయించిన కొత్త లైను ఉంది. కిటికీలోంచి నా 15 మీటర్ల వైరు దించితే కారుకి జానెడు చాలలేదు. కారుని అరుగు ఎక్కించినంత పని చేసి ముందుకి జరిపాను. పచ్చ లైటు. ఎవరూ తొక్కకుండా దారిలో వైరు మీద బాబాయ్ పాత అచ్చు చెక్క ఒకటి బోర్లించాడు.

చార్జింగుకి మూడున్నర గంటలు కావాలని నేను భయపడుతూ చెప్పాను. పిన్ని, "అంతేనా? మీరు తిని లేచేసరికే అంత అవుతుంది" అంది. అయింది కూడా. ముద్దపప్పు, రొయ్యల వేపుడు, ఆ తరవాత ఎవరు పోయారు, ఎవరి పిల్ల అమెరికాలో ఉంది, ఏ పెళ్ళి చెడింది అన్నీ వరసగా. అక్కాచెల్లెళ్ళు చూసుకుని పదకొండేళ్ళయిందట. మావాడు మాత్రం బాబాయ్ దగ్గర కూర్చుని అచ్చు ఎలా వేయాలో నేర్చుకుని చేతులకి రంగంతా పులుముకున్నాడు. బయల్దేరేటప్పుడు కరెంటుకి డబ్బులివ్వబోతే బాబాయ్ కోప్పడ్డాడు. పైగా ఓ దుప్పటి ఇచ్చి పంపించారు. తొమ్మిది యూనిట్లు, ఒక కలంకారీ దుప్పటి.

74 శాతంతో కదిలి బందరులో లడ్డూ కోసం ఆగి, కృష్ణ మీద పొడుగాటి వంతెన దాటి, బాపట్లలో దారి తప్పించి సూర్యలంకలో చీకటి పడే వేళ కాసేపు ఇసకలో నిలబడి, రాత్రి ఎనిమిదికి చీరాల చేరాం. 26 శాతం. ఖర్చు చెప్పాలంటే కాకినాడలో నాలుగు వందలు, లాడ్జి వాళ్ళు కరెంటుకి తీసుకున్నది మూడు వందలు, ఎలక్ట్రీషియనుకి నేను బలవంతాన ఇచ్చింది రెండు వందలు. ఇంటి దగ్గర నింపింది కలిపినా పెట్రోలు ఖర్చులో మూడో వంతు దాటదు. రెండు రోజుల టైముని ఎవరైనా డబ్బుల్లోకి మార్చి అడిగితే నా దగ్గర జవాబు లేదు.

గేటు తీసిన మామగారు పలకరింపులయ్యీ అవకముందే, "చెప్పులు విప్పకు, ఇటు రా" అని నన్ను ప్రహరీ పక్కకి తీసుకెళ్ళారు. కొత్త పెద్ద ప్లగ్గు, పైన వానపడకుండా చిన్న రేకు మూత. దాని కింద సిమెంటు చక్రం ఎత్తి టార్చి వేశారు. గుంట, అందులో పైపు, చుట్టూ బొగ్గూ ఉప్పూ.

"వారం నుంచి రోజూ నీళ్ళు పోయిస్తున్నా. గుచ్చు చూద్దాం" అన్నారు.